గెలిచాక అడిగిన ప్రశ్న

పోయిన వారం మీరు పత్రిక మూసేసరికి రిటైర్డు జడ్జిగారు కొట్టు మెట్లెక్కుతున్నారు, వెనకే ఆయన భార్య వస్తోంది, గుమ్మంలో మన స్టెనో అక్క నోరు తెరుచుకుని నిలబడి ఉంది. తెరుచుకోక ఏం చేస్తుంది మరి! కోర్టులో ఆవిడ చేసిన ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో పదేళ్ళు ఆయన బెంచి కిందే కూచుని సాక్షుల మాటలు రాసింది. ఆరేళ్ళ కిందట ఆయన రిటైరయ్యారు, పోయినేడు ఈవిడా అయింది. ఇప్పుడు తమ్ముడి వినికిడి మిషన్ల కొట్లో కూచుంటోంది.

మధ్యలో చదవడం మొదలెట్టినవాళ్ళ కోసం ఇంకో ముక్క. ఆ తమ్ముడు ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగం వదులుకుని మరీ ఈ కొట్టు పెట్టాడు. నెలాఖరులోగా నలభై జతలు అమ్మకపోతే ఏజెన్సీ తీసేసి వెనక వీధి షోరూముకి ఇచ్చేస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. అమ్మినవి పదకొండు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులుంది. జడ్జిగారు రిటైర్డు ఉద్యోగుల సంఘానికి అధ్యక్షులు. ఆ సంఘంలో నూట తొంభైమంది సభ్యులుంటే, అందులో సగంమందికి ఏ మాటైనా రెండోసారి చెబితేగాని వినపడదు. ఆయన ఊఁ అన్నారంటే కొట్టు నిలబడుతుంది. ఊహూఁ అన్నారంటే తమ్ముడు బోర్డు దించుకోవాల్సిందే.

"రండి సార్, రండి మేడమ్, కూచోండి" అంటూ తమ్ముడు పొద్దున్నే తుడిచిన కుర్చీలు మళ్ళీ తుడిచాడు.

"నా కోసం కాదు బాబూ" అన్నారు జడ్జిగారు ఇంకా కూర్చోకముందే. "మా సభ్యుల కోసం. మీ సరుకెలా ఉంటుందో చూసి వాళ్ళకి చెబుదామని వచ్చాను. నాకేం లేదు."

 అమ్మగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

తమ్ముడు అందుకున్నాడు. పదహారు చానళ్ళన్నాడు, ఫోనుకి కలుస్తుందన్నాడు, చెమటకి పాడవదన్నాడు, రెండేళ్ళ గ్యారంటీ అన్నాడు. తను ఊపిరి తీసుకునేలోపు ఆయన ఎక్కడ లేచి వెళ్ళిపోతారోనన్నట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. జడ్జిగారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. పెట్టారు. మళ్ళీ విప్పారు.

 ఆ మూత భాష కోర్టు మొత్తంలో అక్కొక్కదానికే తెలుసు. కుర్ర లాయర్లు లేచి నిలబడి ఆ తీర్పు, ఈ తీర్పు అంటూ దస్తాలు దస్తాలు చదువుతుంటే ఆ మూత తిరుగుతూ ఉండేది. మూడోసారి తిరిగిందా, ఇక ఆ లాయరు కూర్చున్నా ఒకటే, నిలబడ్డా ఒకటే. ఇప్పుడది రెండోసారి తిరుగుతోంది.

ఆవిడ బల్ల కింద తమ్ముడి కాలు గట్టిగా తొక్కి, తను అందుకుంది.

"సార్, ఇది పెట్టుకున్న మొదటి వారం మీకు పిచ్చెక్కిపోతుంది."

తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. పెన్ను మూత ఆగింది.

"గిన్నెలు కడుగుతుంటే సుత్తితో కొట్టినట్టుంటుంది. మీరు నమిలే చప్పుడు మీకే చిరాకేస్తుంది. పేపరు తిప్పితే పక్కన ఎవరో గుడ్డ చింపుతున్నారనుకుంటారు. కొన్నవాళ్ళలో చాలామంది పదిరోజులకే తీసి సొరుగులో పడేస్తారు. ఓపిక పట్టినవాళ్ళకే ఇది పనికొస్తుంది."

అంతా విని జడ్జిగారు ముసిముసిగా నవ్వారు. "ఇది పొడుగు ప్లీడరు ఎత్తు కదూ? అవతలివాడు చెప్పకముందే తన పార్టీ తప్పులన్నీ తనే చెప్పేసేవాడు. ఇక అవతలివాడికి చెప్పడానికేం మిగిలేది కాదు."

"అవును సార్" అంది అక్క, దాచిపెట్టి ఏం లాభమని.

"నా దగ్గర చాలా కేసులు గెలిచాడు, గడుసు పిండం. ఊఁ, తర్వాత?"

తర్వాత అక్క ఏమీ మాట్లాడలేదు. ఒక మిషన్ తీసి తెల్లటి గుడ్డ మీద పెట్టి ఆయన ముందుకు జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక అవస్థ పడుతున్నారు. తమ్ముడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు, దగ్గాడు, మళ్ళీ కదిలాడు.

"ఇది ఎర్ర ఫైలు లాయరమ్మది" అన్నారు జడ్జిగారు, ఆనందంతో బల్ల మీద చిన్నగా చరిచి. "ప్రశ్న పడేసి ఊరుకునేది. ఆ నిశ్శబ్దం భరించలేక సాక్షి ఉన్నదంతా కక్కేసేవాడు. నేను మాత్రం కక్కనమ్మా! నీకంటే పైన కూచుని చూసినవాణ్ణి."

అక్కకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మూడు నెలల్నుంచి ఈ ఎత్తులతోనే కదా పదకొండు జతలు అమ్మింది! రిటైర్డు మాస్టారి దగ్గర పనిచేశాయి, దర్జీ ముసలమ్మ దగ్గర పనిచేశాయి. వాళ్ళు కోర్టు మొహం చూసినవాళ్ళు కాదు. ఈయన ముందు లాయరు వేషాలు వెయ్యడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. అయితే ఈ మనిషి దేనికి లొంగేవాడు? పదేళ్ళలో అరిచినవాళ్ళకి లొంగలేదు, ఏడ్చినవాళ్ళకి లొంగలేదు. ఆలోచించగా ఆలోచించగా ఒక్కటే తోచింది. ఈయన తన మాటకి తను లొంగేవాడు. ఎప్పుడో ఆయనే ఇచ్చిన తీర్పు తీసి ముందు పెడితే దాన్ని దాటి పోలేకపోయేవాడు.

"సార్, సాక్షి తను చూసిందే చెప్పాలి, విన్నది చెబితే చెల్లదని మీరే కదా అనేవారు?"

"నేనే కాదు, చట్టమూ అంటుంది."

"మరి మీ సభ్యులు అడిగితే ఏం చెప్తారు? ఆ కొట్టువాళ్ళు బాగుంటుందన్నారు అంటారా? అది విన్నమాటే అవుతుంది కదా సార్. మీరు చెవికి పెట్టుకుని చూడందే సాక్ష్యం ఎలా చెప్తారు?"

 జడ్జిగారు పెన్ను జేబులో పెట్టుకుని లేచారు.

"ఎక్కడమ్మా పరీక్ష?"

కొట్టు వెనకవైపు గదిలో ఇంకో చిన్న గది ఉంది. గోడలకి మెత్త, అద్దం తలుపు, లోపల ఒక కుర్చీ. చెవులకి హెడ్‌ఫోను పెడతారు, శబ్దం వినపడ్డప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. తమ్ముడు మాటల్లో ఎంత తడబడతాడో ఈ పనిలో అంత నిదానం. మిషన్ ముందు కూచుని శబ్దాలు ఒక్కొక్కటే పంపాడు. మొదట్లో ఆయన వెంటవెంటనే నొక్కారు. శబ్దం సన్నబడేకొద్దీ నొక్కడం తగ్గింది. తమ్ముడు శబ్దం పెంచాడు, ఇంకా పెంచాడు. అద్దానికి ఇవతల నిలబడ్డ అక్క ఆయన మొహమే చూస్తోంది. ఆయన చిరునవ్వుతో, వేలు బటన్ మీద సిద్ధంగా పెట్టుకుని, తర్వాతి శబ్దం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నారు. ఆ శబ్దం అప్పటికే తమ్ముడి హెడ్‌ఫోనులోంచి ఆవిడకి సన్నగా వినపడుతోంది. 

చార్టు గీసి తెచ్చాక తమ్ముడు మళ్ళీ నోరు తెరవబోతే అక్క దాన్ని లాక్కుని ఆయన ముందు పెట్టింది.

"కాగితం దాఖలు చేస్తున్నాను సార్."

ఆయన కళ్ళజోడు సవరించుకుని దాన్ని కోర్టు కాగితం చదివినట్టే చదివారు, పైనుంచి కింది దాకా. "ఈ గీత సగం దాకా బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి ఇలా పడిపోయిందేం?"

"మగవాళ్ళ గొంతులు ఇటుపక్క ఉంటాయి సార్" అన్నాడు తమ్ముడు మెల్లిగా. "అవి మీకు వినపడతాయి. అందుకే బాగానే వినపడుతోందని అనిపిస్తుంది. ఆడవాళ్ళ మాట, చిన్నపిల్లల మాట ఎక్కువగా అటుపక్కకి వస్తాయి."

 తమ్ముడు ఒక జత తీసి చార్టుకి తగ్గట్టు సర్ది చెవుల వెనక అమర్చాడు. ఒకసారి కుయ్యిమంది, సర్దుకుంది. అక్క అమ్మగారి దగ్గరికెళ్ళి, ఆయన వెనకవైపు నుంచుని మామూలుగా ఏదైనా మాట్లాడమంది.

"ఏం మాట్లాడను?" అంది అమ్మగారు ఇబ్బందిగా. కాసేపు తటపటాయించి అంది, "ఏమండీ, పెరట్లో కుళాయి కారుతోంది. మూడు నెలల్నుంచి చెప్తున్నాను."

జడ్జిగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. "మూడు నెలల్నుంచా? నాకెప్పుడు చెప్పావే?"

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. అమ్మగారు నవ్వలేదు. కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేను ఎదురుగా రాకుండా మాట్లాడితే ఈయన పలికి ఎన్నాళ్ళయిందో అమ్మా" అంది అక్కతో. జడ్జిగారు ఆవిణ్ణి చూసి, చార్టు చూసి, మళ్ళీ ఆవిణ్ణే చూశారు. 

"ఫారం ఇవ్వు బాబూ" అన్నారాయన, పెన్ను బయటికి తీసి. "మా సంఘం హాల్లో ఎల్లుండే క్యాంపు పెట్టించు. పరీక్షలు చేసి కావలసినవాళ్ళకి ఇవ్వు. అందరికంటే ముందు నేను పెట్టుకు కూచుంటాను."

 తమ్ముడు ఫారం తీసి ఆయన ముందు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. ఏజెన్సీ మిగిలింది, కొట్టు మిగిలింది, అక్కకి ఈ జన్మంతా దండం పెట్టినా సరిపోదు అని వాడి మొహమే చెబుతోంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగుదాం. అక్క కోర్టులో నేర్చుకున్న పాఠాలన్నిట్లోకీ పెద్ద పాఠం ఇదే. గెలిచాక కూచోవాలి. ఒక్క ప్రశ్న ఎక్కువ అడక్కూడదు. ఓసారి ఒక లాయరు, దొంగ మొహం చూడలేదని సాక్షి చేత ఒప్పించాడు. అక్కడితో కూచుంటే గెలిచేవాడే. ఉత్సాహం ఆపుకోలేక, "మరి వాడే వీడని ఎలా చెబుతున్నావయ్యా?" అన్నాడు. "వాడి దగ్గు నాకు తెలుసండీ, పదేళ్ళు పక్కింట్లో ఉన్నాను" అన్నాడు సాక్షి. బోనులో ఉన్నవాడు సరిగ్గా అప్పుడే దగ్గాడు. అది రాస్తూ అక్క నవ్వాపుకోలేక చచ్చింది. అలాంటి మనిషి ఇప్పుడు చెయ్యాల్సింది చక్కగా నోరు మూసుకుని కూచోవడం.

కానీ ఆవిడ చూపు చార్టు మీంచి పోవడంలేదు. గీత అంత కిందికి జారాలంటే ఒకటి రెండేళ్ళు చాలవని తమ్ముడే నేర్పాడు. ఎన్నేళ్ళు? పోనీ ఆవిడకెందుకు? ఎందుకో ఆవిడకే తెలియదు. తెలుసుకోవాలనుంది, అంతే. పెన్ను ఫారం మీద ఆనింది.

"ఎప్పట్నించి సార్?"

ఈసారి బల్ల కింద కాలు తొక్కింది తమ్ముడు.

"ఈ మధ్యనేలే" అన్నారు జడ్జిగారు తలెత్తకుండా.

"పదకొండేళ్ళు" అంది అమ్మగారు. అనేసి, అనకూడనిది అనేసినట్టు పెదవి కొరుక్కుంది.

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేకపోయింది. ఆయన రిటైరై ఆరేళ్ళు. అంటే ఐదేళ్ళు ఈయన బెంచి మీద ఇలాగే కూచున్నారు.

ఆ ఐదేళ్ళలో సాక్షి చెప్పిన ప్రతి జవాబూ ఆయన అక్క చేత పైకి చదివించేవారు. ఎంత ఓపిక, ఎంత జాగ్రత్త అని బార్ అంతా మెచ్చుకునేది. ఆ మెప్పులో తనకీ వాటా ఉందని అక్క లోలోపల పొంగిపోయేది. నా చేతిరాత మీద ఆయనకంత నమ్మకం అనుకునేది.

"చదివించడం అందుకేనా సార్?"

"నువ్వు నా వైపు తిరిగి చదివేదానివి" అన్నారాయన. "నీ పెదాలు కనపడేవి. నువ్వు చదివితేనే నాకు కేసు తెలిసేది."

అక్కకి తల కొట్టేసినట్టయింది. కోపమొచ్చింది, చాలా కోపమొచ్చింది. ఇన్నేళ్ళు గర్వంగా దాచుకున్నది అబద్ధమని తెలిస్తే ఎవరికి రాదు? ఆ కోపంలోనే ఇంకోటి తట్టింది. ఆపరేషన్ కోసం తను మూడు వారాలు సెలవు పెట్టింది. తన బదులు పక్క కోర్టు నుంచి ఒక గుమస్తాని పంపారు. తిరిగొచ్చాక ఒక ఉత్తర్వు ఫెయిర్ కాపీ టైపు చేసింది. తను లేని ఆ మూడు వారాల్లో విచారించిన హత్య కేసు. ముద్దాయి కూతురే సాక్షి, పన్నెండేళ్ళ పిల్ల. పిల్ల చెప్పిన ఒక జవాబు రికార్డులో ఎక్కనేలేదని లాయరు గొడవ చేశాడు. దానికి జడ్జిగారు రాయించిన వాక్యం ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది.

"సాక్షి చెప్పినదంతా ఈ కోర్టు స్వయంగా విన్నది" అంది అక్క. "రికార్డులో లోపమేమీ లేదు."

జడ్జిగారు పెన్ను మూత పెట్టేశారు.

"అక్కా, ఇక చాల్లే" అన్నాడు తమ్ముడు. "సార్, మీరేమీ అనుకోకండి. ఆ సంతకం ఒక్కటి..."

"సంతకం చేస్తాను బాబూ. నీకు మాటిచ్చాను" అన్నారాయన. "కానీ ఐదేళ్ళు వినపడకుండానే తీర్పులిచ్చానన్న సంగతి బయటపడ్డాక మా సంఘంలో నా మాట ఎవరైనా నమ్ముతారంటావా? నీ క్యాంపుకి ఒక్కడైనా వస్తాడా? అది ఆలోచించుకుని ఫారం ఇటివ్వు."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఎందుకడిగావు అన్న చూపు అది.  వాడి చేతిలోకి వచ్చిన బతుకుని అక్కే ఒక్క ప్రశ్నతో జార్చేసింది. అయినా మళ్ళీ ఆ క్షణమే వస్తే మళ్ళీ అడుగుతానని ఆవిడకి తెలుసు. ఆ తండ్రి ఏమయ్యాడు?

"ఆ ముద్దాయి ఎక్కడున్నాడు సార్?"

"లోపలే. ఏడేళ్ళయింది." ఆయన చెవి వెనక మిషన్ ఒకసారి తడుముకున్నారు. "సభ్యుల కోసం వచ్చానని అబద్ధం చెప్పానమ్మా. నా కోసమే వచ్చాను. నిన్న ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. పంతొమ్మిదేళ్ళు ఉంటాయిప్పుడు. నా సంతకం ఉన్న ఆ ఉత్తర్వు కాపీ చేతిలో పట్టుకొచ్చింది, దాన్ని బట్టే గుర్తుపట్టాను. ఈవిడ ఇంట్లో లేదు. పావుగంట సేపు తల వంచుకుని మాట్లాడింది."

"నేను వస్తుంటే గేటు దగ్గర ఎదురైంది" అంది అమ్మగారు. "నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. సార్ ఒప్పుకున్నారండీ, రేపు పదింటికి వస్తాను, అని చెప్పి వెళ్ళిపోయింది. ఏం ఒప్పుకున్నారే తల్లీ అని అడుగుదామంటే అప్పటికే వీధి మలుపు తిరిగేసింది."

గడియారంలో తొమ్మిదీ నలభై అయింది, ఆ పిల్ల రావడానికి ఇంకా ఇరవై నిమిషాలే. అక్క ఆయన మొహంలోకి చూసింది. పదేళ్ళు బెంచి మీద చూసిన మొహమే, కానీ అంత భయం దానిలో ఎప్పుడూ చూడలేదు.

"ఏం ఒప్పుకున్నారు సార్?"

"తలూపుతూ కూచున్నాను" అన్నారు జడ్జిగారు. "దేనికి తలూపానో నాకు తెలియదు."